సున్నాలు లేని పుస్తకం

పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, చెప్పులు చేతబట్టుకుని మురళీకృష్ణ మాస్టారు వాగులో అడుగుపెడుతుండగా, అవతలి ఒడ్డున గుండె చిక్కబట్టుకుని నిలబడ్డ ఆతియాను పోయిన వారం అక్కడే వదిలి వచ్చాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఆతియాది ఖమ్మం. తండ్రి ముక్తార్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎమ్మెస్సీ గణితంలో కాలేజీ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిన పిల్ల, చేతికందిన గురుకుల టీచరు ఉద్యోగాన్ని కాదని, భద్రాచలం అవతల మలేరియా దోమల మీద నడుస్తున్న ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరింది. పట్టిన దోమల లెక్క రాసే పుస్తకంలోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. చేరిన ఆరు నెలలకే, లెక్కలు వదిలేసి దోమల శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తానని బెంగళూరులోని ఒక సంస్థకు దరఖాస్తు పెట్టడానికి కూర్చుంది. రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి. ప్రాజెక్టు నడిపే అనిల్‌కుమార్ తన ఉత్తరం ఎప్పుడో పంపేశాడు. రెండోది కాలేజీలో ఆమెకు లెక్కలు చెప్పిన మాస్టారు రాయాలి. ఇవాళ సోమవారం, గడువు శుక్రవారం.

“నువ్వు దేనికోసం లెక్కలు వదిలేస్తున్నావో నా కళ్లతో చూస్తే తప్ప ఒక్క అక్షరం రాయను” అన్నారాయన ఫోన్‌లో. కార్తీక సోమవారానికని భార్య పద్మావతమ్మతో ముందురోజే పర్ణశాల చేరి, ఆవిడను గోదావరి స్నానానికి పంపి, తాను తెల్లవారుతూనే ఆటో మాట్లాడుకుని, ఆతియా పనిచేసే ఇప్పలగుంపు అనే కోయపల్లె దారి పట్టారు.

ఇక కథ.

వాగు దాటి ఒడ్డెక్కగానే మాస్టారు అడిగిన మొదటి మాట బాగోగుల గురించి కాదు.

“ఎన్నింటికి మొదలుపెడతారు?”

“ఆరింటికి సార్. ఎండ ఎక్కితే దోమలు లేచిపోతయ్.”

“మరి ఆరూ పది అయింది. పద.”

గుంపులో తొమ్మిది ఇళ్లు దోమలు పట్టి లెక్కపెట్టడానికి ఎంచి పెట్టినవి. మొదటి ఇంటి ముందు ముత్యాలు కాచుకుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఎండిన వెదురులా ఉంటాడు. ఇంట్లో కోయమాట, బయటివాళ్లతో తెలుగు. ముప్పయ్యేళ్లుగా దోమలు పట్టడమే అతని బతుకు. ఎన్ని ప్రాజెక్టులు వచ్చి పోయినా, గోడ మీద దోమను చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే కాబట్టి, వచ్చిన ప్రతివాళ్లూ అతన్నే రోజుకూలికి పెట్టుకుంటారు.

ముత్యాలు మాస్టారి చేతిలో ఒక గాజుగొట్టం పెట్టాడు. దానికి తొడిగిన రబ్బరుగొట్టం చివర నోట్లో పెట్టుకుని పీల్చాలి. టార్చి వెలుగులో గోడ వెతుకుతూ, కూర్చున్న దోమ మీదికి గాజుగొట్టం మెల్లగా తీసుకుపోయి ఒక్క గుక్క పీలిస్తే దోమ లోపలికి వచ్చేస్తుంది.

మాస్టారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “గొంతులోకి పోతే?”

“పోదు సారూ. నడుమల దోమతెర గుడ్డ ముక్క అడ్డం పెట్టిన. ముప్పయ్యేండ్లల్ల నేను మింగింది రెండే.”

“ఆ రెండూ ఎట్లా ఉన్నాయి?”

“రుచి చూసేటంత తీరిక లేకపాయె.”

ఆతియా నవ్వు ఆపుకుంది. తరగతి గదిలో సుద్దముక్క విరిగినా నవ్వని మనిషి, ఇక్కడ మట్టిగోడ ముందు గొంతుక్కూర్చుని, నోట్లో రబ్బరుగొట్టంతో, కళ్లజోడు మీంచి దోమను వెతుకుతున్నారు. అయినా ఆమెకు తెలుసు: ఆయన చూడ్డానికి వచ్చింది దోమలను కాదు, తనను.

“అటు సూడు సారూ” అని ముత్యాలు టార్చి తిప్పాడు. “గోడకు సాపుగ కూసున్నదేమో వేరేది, దాన్ని ఇడిసిపెట్టు. తల కిందికి ఆనిచ్చి, ఎనక పైకెత్తి ఒరిగి కూసున్నది మన మలేరియా దోమ.”

అట్లా ఒరిగి కూర్చున్నది ఆ ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. రెండో ఇంట్లోనూ లేదు. మూడో ఇంట్లో మూడు. తర్వాత రెండు ఇళ్లు ఖాళీ. ఆరోది రుక్మిణి ఇల్లు. అక్కడ దూలం పక్కన, మాసిన చీర వేలాడేసిన దండెం వెనకాల, ఒకదాని వెంట ఒకటిగా పదకొండు దోమలు చిక్కాయి. వాటిలో ఒకటి మాస్టారు స్వయంగా పీల్చింది. టెస్ట్ ట్యూబులోకి ఊదేసి, దూది బిరడా పెట్టి, వెలుగుకెత్తి చూస్తూ ఆయన చాలాసేపు నిలబడిపోయారు. ఏడో ఇంట్లో సున్నా. ఎనిమిదో ఇంట్లో ఒకటి. తొమ్మిదో ఇంట్లో మళ్లీ సున్నా.

ఎనిమిదిన్నరకు ముగ్గురూ రుక్మిణి ఇంటి ముందు అరుగు మీద కూలబడ్డారు. రుక్మిణి పాలు లేని చాయ్ తెచ్చిచ్చి, పత్తి ఏరడానికి పోయే ట్రాక్టర్ వచ్చిందని పరుగెత్తింది. ముత్యాలు దోమలను పెట్టెలో సర్దుకుంటూ కాస్త ఎడంగా కూర్చున్నాడు.

“ఇప్పుడు చెప్పమ్మా” అన్నారు మాస్టారు. “దోమల దగ్గరికి వచ్చావా? లెక్కల నుంచి పారిపోయి వచ్చావా? రెండింటికీ రెండు రకాల ఉత్తరాలు ఉంటాయి. ఏది రాయాలో తెలుసుకుందామనే వచ్చాను.”

ఈ ప్రశ్నకు ఆతియా మూడు రోజులుగా జవాబు కట్టుకుని పెట్టుకుంది. సమాజానికి ఉపయోగం, అడవి పల్లెల్లో జ్వరాలు, గణితానికి కొత్త రంగం లాంటి మాటలు. దరఖాస్తులోనూ అవే రాసింది. తీరా ఆయన ఎదుట కూర్చున్నాక అవేవీ నోటికి రాలేదు.

“పారిపోయే వచ్చిన సార్.”

మాస్టారు చాయ్ గ్లాసు కింద పెట్టారు.

“నిరుడు వేసవిల మీరు నన్ను లెక్కల శిబిరానికి పంపిండ్రు గదా. నెల రోజులు. అక్కడ నా పక్కన కూసున్న పిల్లలు, నేను రాత్రంతా కొట్టుకున్న లెక్కను చాయ్ తాగుకుంట చెప్పేసేటోళ్లు. గొప్పలకు కాదు సార్, వాళ్లకు అట్లనే కనపడుతది. నాకు కనపడదు. కాలేజీల ఫస్టు రావడం వేరే, అట్ల కనపడుడు వేరే అని అప్పుడు తెలిసింది. మీకు చెప్పడానికి ముఖం చెల్లలే.”

“అందుకా తిరిగొచ్చాక రెండు నెలలు నా గది వైపు రాలేదు?”

“అవ్ సార్.”

ఆయన మొహంలో కోపం ఉందేమోనని ఆతియా వెతికింది. కోపం లేదు. ఎప్పుడో జరిగింది ఇప్పుడు గుర్తొచ్చినట్టు చూపు వాగు వైపు పోయింది.

“మరి దోమలు? అవీ పారిపోయే దారిలో తగిలినవేనా?”

“కాదు సార్.” ఆమె గొంతు మారింది. సంచిలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పరిచింది. “దీన్ని చూసి ఆగిపోయిన.”

రెండేళ్ల దోమల లెక్కతో ఆమె గీసిన గ్రాఫు అది. ఎండాకాలంలో నేల మీద పాకే గీత, మొదటి వానలు పడగానే లేచి, శ్రావణానికల్లా నున్నటి కొండలా పెరిగి, అదే తీరున అటువైపు జారిపోతుంది. మరుసటి ఏడు మళ్లీ అదే కొండ. దాని మీద ఆమె రాసిన సమీకరణం గీత గోడకు అతికిన కాగితంలా సరిపోయింది.

“ఎన్ని వేల దోమలు సార్! ఒక్కదానికొకటి తెల్వదు. అయినా అన్నీ కలిసి గిట్ల ఒక్క మాట మీద నడుస్తయ్. ఈ గీత కంప్యూటర్ల లేచిన రోజు నాకు అన్నం సహించలే. ఇది ఎందుకు గిట్ల అయితది? గదే తెలుసుకోవాలె. నా దరఖాస్తుల సగం పేజీ దీని గురించే.”

మాస్టారు గ్రాఫును చాలాసేపు చూశారు. ఆ తర్వాత గ్రాఫును పక్కకు జరిపి, “అంకెలేవి?” అన్నారు.

ఆయనకదొక అలవాటు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాని వెనకాల అంకెలు చూడనిదే ఊరుకోరు. ఆతియా సంచిలోంచి అట్ట బైండు పుస్తకం తీసి ఇచ్చింది. వారానికో పేజీ, పేజీకి తొమ్మిది ఇళ్లు, ఇంటికో అంకె. రెండేళ్లపాటు అనిల్‌కుమార్ చక్కటి దస్తూరీతో నింపిన పుస్తకం. ఈ నెల నుంచే రాసే పని ఆతియాకు అప్పగించాడు. పొద్దున పూట గుంపుకు రావడం కూడా ఆమెకు అప్పటినుంచే.

మాస్టారు పేజీలు తిప్పుతుంటే వేలు అంకెల మీద చీమలా పాకుతోంది. సగానికొచ్చాక వేలు ఆగింది. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు వచ్చారు.

“ఇవాళ ఎన్ని ఇళ్లలో ఏమీ దొరకలేదు?”

“ఆరు ఇళ్లల్ల సార్.”

“పోయిన వారం?”

“అయిదు.”

“రెండేళ్లు, వారానికి తొమ్మిది ఇళ్లు. దాదాపు తొమ్మిది వందల అంకెలు. ఇందులో సున్నా ఎక్కడుందో చూపించు.”

ఆతియా పుస్తకం అందుకుంది. మూడు, రెండు, నాలుగు, రెండు, మూడు. తర్వాతి పేజీలో రెండు, నాలుగు, మూడు, మూడు. ఆమె చేతులతోనే కంప్యూటర్‌లోకి ఎక్కించిన అంకెలు. ఒక్కో అంకె కొట్టేటప్పుడు కనిపించింది. మొత్తంగా ఏనాడూ చూడలేదు.

“ఇప్పుడు చలికాలం గదా సార్... అందుకే తక్కువ పడుతున్నయ్ అనుకున్న.”

“నిరుడు కార్తీకం ఏం ఎండాకాలమా? తియ్యి.”

తీసింది. రెండు, ఒకటి, రెండు, మూడు, ఒకటి. సున్నా లేదు.

“నువ్వు కలం పట్టిన పేజీ నుంచే ఈ పుస్తకంలో సున్నా పుట్టింది” అన్నారు మాస్టారు మెల్లగా. “ఇవాళ ఒక్క ఇంట్లో పదకొండు నా కళ్లతో చూశాను. ఈ రెండేళ్లలో ఏ ఇంట్లోనూ ఆరు దాటలేదు. దోమలు ఇట్లా పంచుకుని కూర్చోవమ్మా. పంచి పెట్టేది మనుషులు. ఈ అంకెలు పట్టినవి కావు. రాసినవి.”

వాగు అవతల ట్రాక్టర్ చప్పుడు దూరమైపోయింది. ఆతియాకు ముందు అనిల్ సార్ అట్లాంటివాడు కాదనాలనిపించింది. చేరిన కొత్తలో చలిజ్వరంతో పడి ఉంటే దవాఖానాకు మోసుకుపోయినవాడు, దరఖాస్తు పెట్టమని మొదట చెప్పినవాడు ఆయనే. కానీ పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది. అంకెలకు మొహమాటం ఉండదు. ఆ ముక్క నేర్పింది ఎదురుగా కూర్చున్న ఈ మనిషే.

ఆమె లేచి ముత్యాలు దగ్గరికి పోయి కూర్చుంది.

“కాకా, నువ్వు అనిల్ సార్‌కు ఏ లెక్క ఇచ్చేటోనివి?”

ముత్యాలు తల ఎత్తలేదు. దూది చుట్టుకుంటూనే ఉన్నాడు. “దొరికిన లెక్క.”

“దొరకని ఇల్లు?”

“గుండు సున్నా పెట్టి ఇచ్చేటోన్ని. సున్నాలు గిన్ని ఉంటే మనం పోలేదనుకుంటరు ముత్యాలూ, పైవాళ్లు ప్రాజెక్టు ఎత్తేస్తరు అనేటోడు సారు. మొత్తం దొరికినయ్ ఎన్నో అడిగి, తొమ్మిదిండ్లకు సమానంగ సదిరేటోడు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నన్ను ఎవరు అడిగిండ్రు బిడ్డా? ఇయ్యాల నువ్వు అడిగితివి, చెప్తున్న.” దూది పక్కన పెట్టి, “నా లెక్క నా తాన ఉన్నది” అన్నాడు.

ఇంటికి పోయి పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. పాలిథిన్ కవరులో చుట్టిన బడిపిల్లల నోటుబుక్కు. ఐదో తరగతి దాటని చెయ్యి. ఇంటి యజమాని పేరులో మొదటి అక్షరం, దాని పక్కన దొరికిన దోమకొక గీత. దొరక్కపోతే గుండ్రటి సున్నా. పేజీల నిండా సున్నాలే. సున్నాల మధ్యన అక్కడక్కడ గీతలు పొదలా గుబురుగా ఉన్నాయి.

మాస్టారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. ఆతియా వానాకాలం పేజీలకు తిప్పింది. ఆమె గ్రాఫులోని కొండ కొస ఉండాల్సిన చోటు అది. అక్కడ గీతలూ లేవు, సున్నాలూ లేవు. పేజీకి అడ్డంగా ఒకే మాట. “వాగు.” తర్వాతి వారం, “వాగు.” మళ్లీ, “వాగు.” వరుసగా ఆరు వారాలు.

“గప్పుడు వాగు నిండ పారుతది. దాటేటట్టు ఉండదు” అన్నాడు ముత్యాలు. “సారు తానే రాసుకున్నడు.”

అన్నం సహించనీయని ఆ నున్నటి కొండ, దాని శిఖరం, అసలు ఎవరూ వాగు దాటని ఆరు వారాలది. భద్రాచలంలో ఒక గదిలో ఫ్యాను కింద కూర్చుని ఒక మనిషి ఊహించుకున్నది. దాని కోసమే తాను లెక్కలను వదిలింది. ఆతియాకు ఏడవాలనిపించింది. కానీ చూపు మాత్రం నోటుబుక్కు మీదే ఉండిపోయింది. ఏడుపు కంటే ముందు ఇంకోటి అడ్డం వచ్చింది.

“కాకా, ఈ గుబుర్లన్నీ మూడిండ్లల్లనే ఉన్నయేంది?”

“అవ్. ఎప్పుడు గా మూడే.”

“రుక్మిణక్క లేగదూడను ఇంట్ల కట్టేస్తది. అందుకా?”

“తక్కిన రెండిండ్లల్ల గొడ్డూ లేదు, గోదా లేదు.”

“మరేంది?”

ముత్యాలు గడ్డం గోక్కున్నాడు. “ఆ మూడిండ్లోళ్లు బయట వండుకుంటరు. లోపట పొగ ఉండదు. నేను గట్లనుకుంట.”

“పొగే అయితే చివరింటోళ్లు కూడ బయటనే వండుతరు గదా! ఇవాళ అక్కడ సున్నా.” ఆమె గబగబా పేజీలు తిప్పింది. “అక్కడ ఎప్పుడూ సున్నానే... కాదు కాదు, ఇగో, నిరుడు మాఘంల తొమ్మిది ఉన్నయ్! ఒక్క వారమే. ఆ వారం ఏమైంది కాకా? ఆ ఇంట్ల ఎవరన్న వచ్చి ఉన్నరా? గోడ అలికిండ్రా?”

“గోడే అలికిండ్రు కావచ్చు, పెండ్లయింది ఆ ఇంట్ల...”

“తడిగోడ!” అన్నారు మాస్టారు ఉన్నట్టుండి. అని, తానే అన్నానా అన్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మిగతా రెండిళ్ల గోడలు ఏ దిక్కున ఉన్నాయో చూడాలి. ఎండ తగలని గోడలైతే... లేదు, నేనిప్పుడే ఏదీ అనకూడదు.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అరుగు మీద నవ్వు లాంటిదేదో తిరిగి పోయింది. ఆతియాకు అప్పుడు గుర్తొచ్చింది, తాను ఏడవాల్సింది కదా అని.

మాస్టారు ఆమెనే చూస్తున్నారు.

“నీ అందమైన గీత పోయింది. దాంతోపాటు దోమల మీద మోజు కూడా పోతుందేమో చూద్దామని కూర్చున్నాను. అది పోతే ఖమ్మం తీసుకుపోయేవాణ్ని.” లేచి పంచె దులుపుకున్నారు. “పారిపోయి వచ్చిన మాట నిజమే. కానీ ఇప్పుడు ఇక్కడ ఉన్నది పారిపోయి వచ్చిన మనిషి కాదు. ఉత్తరం రాస్తాను. నువ్వు పారిపోయి రావడం, ఇక్కడ నిలవడం, రెండూ అందులో రాస్తాను.”

“సార్...”

“ఆగు. నా ఉత్తరం తేలిక. నీ దరఖాస్తు మాటేంటి? సగం పేజీ ఆ కొండ గురించేనన్నావు. తీసేస్తే ఎందుకు తీసేశావో చెప్పాలి. చెబితే అనిల్‌కుమార్ పేరు చెప్పాలి. ఆయన ఉత్తరం ఇప్పటికే వాళ్ల చేతుల్లో ఉంది. ఈ ముత్యాలు కూలి కూడా ఆ ప్రాజెక్టులోనే ఉంది. శుక్రవారం దాకా ఉన్నది నాలుగు రోజులు. ఇందులో నేను చెప్పేది ఏమీ లేదమ్మా, ఇది నువ్వు చేసుకోవాల్సిన లెక్క.”

ఆతియా జవాబు చెప్పేలోపు వాగు దగ్గర జీపు ఆగిన చప్పుడయింది. సోమవారాల్లో జీపు ఎన్నడూ ఈ దారి రాదు. ప్యాంటు మడిచి, తలపైకెత్తిన చేతిలో మిఠాయి డబ్బా తడవకుండా పట్టుకుని, నీళ్లలోంచి నవ్వుతూ వస్తున్నది అనిల్‌కుమార్.

“ఆతియా!” ఒడ్డెక్కకముందే కేక వేశాడు. “పొద్దున్నే మెయిల్ వచ్చింది! మనం పంపిన దోమల పేపర్ జర్నలోళ్లు తీసుకున్నరు. నీ గ్రాఫు మొదటి పేజీలనే వేస్తరంట. నా పేరు పక్కన నీ పేరు! బెంగళూరోళ్లకు ఈ పేపరొక్కటే చాలు, ఇగ నీ సీటు ఎక్కడికీ పోదు!”

ఆమె లేచి నిలబడింది. అనిల్‌కుమార్ అరుగు దగ్గరికి వచ్చి, మాస్టారిని చూసి నమస్కారం పెట్టబోయాడు. చేతులు సగంలో ఆగాయి. అతని చూపు ఆతియా చేతిలోని నోటుబుక్కు మీద పడింది.

నవ్వు మొహం మీద అట్లాగే ఉంది. మిఠాయి డబ్బా మెల్లగా కింద పెట్టాడు. ఆతియా వైపు చూడలేదు, మాస్టారి వైపూ చూడలేదు.

“ముత్యాలూ,” అన్నాడు, “అది పొయ్యిల వేసిన అని నాకు చెప్పినవ్ గదా?”